సిగరెట్ పోయింది, రంధ్రం మిగిలింది

హైదరాబాద్‌లో ఐ.ఎస్. సదన్ నుంచి చంపాపేట్ మీదుగా కర్మన్‌ఘాట్ వెళ్లే సాగర్ రోడ్డులో, సాయంత్రం పూట సిగ్నల్ దగ్గర ఆగిన ఏ క్యాబ్‌లోకైనా ఒకసారి తొంగి చూడండి. డ్రైవరు కళ్ల ముందు ఒక ఫోను దారి చూపిస్తుంటుంది. దాని పక్కన మరొకటి బుకింగుల కోసం వెలుగుతుంటుంది. ముందద్దాన్ని కరుచుకుని ఒక డ్యాష్‌క్యామ్. వెనక సీట్లోకి ఎక్కిన ఆసామి ఓటీపీ చెప్పీ చెప్పకముందే "అన్నా, ఛార్జర్ ఉందా?" అంటాడు. ఈ వైర్లన్నీ పోయి పోయి గేరు రాడ్ ముందున్న ఒకే ఒక్క రంధ్రంలో దూరతాయి. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌కు మాత్రం దీనితో పని లేదు. దానికి బ్యాటరీ ఉండదు. టోల్‌గేటు యాంటెన్నా పంపే రేడియో తరంగాల్లోంచే చిటికెడు శక్తి తీసుకుని బదులిస్తుంది. మిగతావన్నీ ఆ రంధ్రం మీద బతికేవే.

దాన్ని ఇప్పటికీ అందరూ లైటర్ సాకెట్ అనే అంటారు. చాలా కార్లలో దాని మూత మీద '12 వోల్టులు, 120 వాట్లు' అని రాసి ఉంటుంది. 120 వాట్లంటే ఏముంది, పాతకాలపు బల్బులు రెండు అనిపిస్తుంది. కానీ లెక్క వేసి చూస్తే సంగతి వేరు. ఇంట్లో 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద తీసుకునే కరెంటు 9 ఆంపియర్ల లోపే. కారులో 120 వాట్ల వస్తువు 12 వోల్టుల మీద లాగేది 10 ఆంపియర్లు. గీజరు కోసమైతే లావు పిన్నుల ప్లగ్గు, దానికని వేరే వైరు, విడిగా ఎంసీబీ పెట్టిస్తారు. అంతకంటే ఎక్కువ కరెంటు పారే కారులో మాత్రం చవగ్గా దొరికిన సన్నటి వైరుతో సరిపెట్టేస్తారు. వైరు వేడెక్కడానికి వాట్లతో సంబంధం లేదు. దాని లోంచి ఎన్ని ఆంపియర్లు పోతున్నాయన్నదే లెక్క.

ఇంతకీ కారులో ఇలాంటి రంధ్రం ఎందుకు పుట్టింది? పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. 1912 నాటిది, వెనక సింహాసనంలాంటి సీటున్న కారు. ఆ మోడల్‌కు ఎలక్ట్రిక్ దీపాలు కావాలనుకున్నవాళ్లకు 1914 నుంచి దొరికాయి; మీట నొక్కి ఇంజను తిప్పే మోటారు, మన మెకానిక్కుల భాషలో 'సెల్ఫ్', 1919లో వచ్చింది. అంటే ఆ సింహాసనం మీద కూర్చుని చుట్ట ముట్టించాలంటే నిజాముకైనా అగ్గిపుల్లే దిక్కు.

కార్లలోకి బ్యాటరీలు వచ్చాక ఆ అగ్గిపుల్లకు బదులు వెతికారు. తొలినాటి కారు లైటర్లకు తోకలా పొడవాటి వైరుండేది. 1921లో అమెరికాలో జాషువా మారిస్ అనే ఆయన 'వైర్‌లెస్' లైటర్‌కు పేటెంటు సంపాదించాడు. ఈ రోజు ఆ మాట వింటే బ్లూటూత్ గుర్తొస్తుంది గానీ, అప్పుడు దాని అర్థం అక్షరాలా వైరు లేనిదనే. సాకెట్లో వేడెక్కిన ముక్కను విడిగా ఊడదీసి చేత్తో పట్టుకోవచ్చు, అంతే. 1956లో కాస్కో కంపెనీ రూపొందించి 1960లో పేటెంటు పొందిన ఆటోమేటిక్ లైటరే ఆ తర్వాత లోకమంతా పాకింది. అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారింది కూడా 1950ల నడుమనే.

ఆ లైటర్ పని తీరు సరళం, అందం కూడా. లోపల నైక్రోమ్ తీగ చుట్ట. దాన్ని లోపలికి నొక్కితే సాకెట్ అడుగున ఉన్న రెండు లోహపు పట్లు పట్టుకుంటాయి. ఆ పట్లు రెండు వేర్వేరు లోహాల పొరలతో చేసినవి. వేడికి ఒక పొర ఎక్కువ, ఇంకోటి తక్కువ సాగుతాయి కాబట్టి పట్టు వంగి వదిలేస్తుంది. స్ప్రింగు టక్కున బయటకు తోస్తుంది. మొత్తం తతంగం పది ఇరవై సెకన్లు. గంటకో సిగరెట్ కాల్చేవాడి కారులోనైనా ఆ వైరుకు రోజులో అసలు పని కొద్ది నిమిషాలే.

ఇప్పుడు సిగరెట్ వెళ్లిపోయింది. చాలా మోడళ్లలో లైటర్ ముక్క రావడం లేదు, మూత మాత్రమే వస్తోంది. 2003 నాటి పొగాకు చట్టం కింద బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై 2008 అక్టోబర్ 2 నుంచి కఠిన నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఆ చట్టం లెక్కలో ప్రయాణికులను చేరవేసే వాహనం కూడా బహిరంగ ప్రదేశమే. కాబట్టి క్యాబ్‌లో లైటర్ సాకెట్‌ను ఆ పేరుకు తగ్గట్టు వాడితే జరిమానా! కొద్ది నిమిషాల పని కోసం పుట్టిన రంధ్రం మాత్రం ఇప్పుడు పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా డ్యూటీ చేస్తోంది. కంపెనీ వేసిన వైరు దీన్ని తట్టుకుంటుంది. మూత మీది అంకెను దృష్టిలో పెట్టుకునే వేస్తారు. చిక్కంతా ఆ తర్వాత బయట తగిలించేవాటితోనే.

కరెంటు దారి ఏమిటో చూద్దాం. బ్యాటరీ పాజిటివ్ నుంచి వైరు ఫ్యూజ్ బాక్సుకు, అక్కడి నుంచి తాళంచెవి తిప్పే స్విచ్చుకు, అక్కడి నుంచి సాకెట్ నడిమి పిన్నుకు వస్తుంది. సాకెట్ గుండ్రటి గోడ నెగటివ్. అది పొట్టి వైరుతో కారు బాడీకి బిగించి ఉంటుంది. తిరుగు ప్రయాణానికి వేరే వైరు అక్కర్లేదు, కారు ఇనుమంతా తిరుగు వైరే. దీన్నే మెకానిక్కులు 'బాడీ ఎర్త్' అంటారు, భూమితో దానికి ఏ సంబంధమూ లేకపోయినా. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి ఇది తలకిందులు, పాజిటివ్‌నే బాడీకి కలిపేవారు. వింటేజ్ కారు ముచ్చటపడి కొన్నవాళ్లు నేటి ఛార్జర్ గుచ్చేముందు ఈ ఒక్క సంగతి చూసుకోవాలి.

తాళంచెవి మొదటి మెట్టు 'ఏసీసీ'. ఇంజను, ఏసీ ఏవీ లేకుండా పాటలూ సాకెట్టూ పనిచేసే మెట్టు. సెల్ఫ్ కొట్టే క్షణంలో స్విచ్చు ఈ లైన్‌ను కావాలనే తెంచుతుంది. స్టార్టర్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగేటప్పుడు బ్యాటరీ మీద మరో బరువు ఉండకూడదని. బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ డ్యాష్‌క్యామ్ ఆరిపోయి 'టింగ్' మని మళ్లీ వెలగడం చూసి కెమెరా పాడైందనుకునేవాళ్లున్నారు. కెమెరాకు ఏమీ కాలేదు, స్విచ్చు తన పని తాను చేసిందంతే.

దారిలో ఫ్యూజు ఉంది కదా, ఇక భయమెందుకు అంటారు. ఇక్కడే పెద్ద అపోహ. ఫ్యూజు కాపాడేది ఫోన్‌ను కాదు, ఛార్జర్‌ను కాదు. వైరును. ప్లాస్టిక్ తొడుగుతో రెండు కాళ్లుండే బ్లేడు ఫ్యూజులు 1976లో వచ్చాయి. రంగు చూస్తే అంకె తెలుస్తుంది: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. లోపలుండేది జింకు మిశ్రమపు సన్న పట్టీ. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు 15 దాటీ దాటగానే తెగుతుందని అనుకోవడం సహజం. అది అంత తొందరపడదు. పది శాతం ఎక్కువ కరెంటును వంద గంటలైనా మోయగలిగేలా దాన్ని తయారుచేస్తారు. 35 శాతం ఎక్కువైతే తెగడానికి పది నిమిషాల దాకా పట్టొచ్చు. రెట్టింపు కరెంటుకు గరిష్ఠంగా అయిదు సెకన్లు. పూర్తి షార్టు అయితేనే కళ్లు మూసి తెరిచేలోగా పోతుంది. అంటే ఫ్యూజు నిదానించి చూసే ఆ నిమిషాల్లో వేడిని భరించేంత లావుగా వైరు ఉండాలి.

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని నీలం తీసేసి ఆకుపచ్చది గుచ్చేవారు ఏ వీధిలోనైనా దొరుకుతారు. ఇంకా ధైర్యవంతులు సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెడతారు. ఈ ధైర్యం ఖరీదు ఎంతో అంకెల్లో చూడొచ్చు. ముందున్న బ్యాటరీ నుంచి డిక్కీలో కొత్త సాకెట్‌కు నాలుగు మీటర్ల వైరు లాగారనుకుందాం. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరైతే 10 ఆంపియర్లకు దారిలోనే దాదాపు 1.4 వోల్టులు పోతాయి, 14 వాట్ల వేడి పుడుతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరైతే పోయేది పావు వోల్టు చిల్లర, వేడి మూడు వాట్ల లోపు. కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అదే సన్న వైరులో ఎక్కడో ఒరిపిడికి తొడుగు చిట్లి 25 ఆంపియర్లు లీకయితే పుట్టే వేడి 86 వాట్లు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు మూడింటికి మించిన వేడి, కార్పెట్ కింద. నీలం ఫ్యూజు అయితే తెగిపోయేది. 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజుకు మాత్రం అది మామూలు లోడే, చలించదు.

మరి ఇన్ని ఫోన్లు తగిలిస్తే ప్రమాదమా? కాదు. ఈ కథలో ఫోన్లు నేరస్తులు కావు. వేగంగా ఛార్జయ్యే 18 వాట్ల ఫోన్లు రెండూ కలిసి సాకెట్ నుంచి లాగేది మూడు ఆంపియర్లు. డ్యాష్‌క్యామ్ అర ఆంపియరు లోపే. అసలు తిండిపోతులు వేరే ఉన్నాయి: టైర్లలో గాలి నింపే చిన్న పంపు, కారు వ్యాక్యూమ్ క్లీనరు, లాప్‌టాప్ కోసం కొనే ఇన్వర్టరు. పంపు ఒక్కటే దాదాపు పది ఆంపియర్లు తీసుకుంటుంది. 150 వాట్ల ఇన్వర్టరును నిండుగా వాడితే, అందులో పోయే వృథాతో కలిపి 15 ఆంపియర్ల దాకా వెళ్తుంది, అంటే సాకెట్ హద్దుకు ఒకటిన్నర రెట్లు. ఒక ప్లగ్గు మూడుగా చీలే స్ప్లిట్టర్ కొని ప్రతి రంధ్రం మీదా '120 వాట్లు' అని ఉంది కదా అనుకుంటే మోసపోయినట్టే. నల్లాకు మూడు పైపులు తగిలించినంత మాత్రాన నీళ్లు మూడింతలు రావు.

వైరు బాగున్నా, ఫ్యూజు సరైనదైనా పొగ రాగల చోటు ఇంకొకటుంది. అది ప్లగ్గు మొన. ఎక్కడికక్కడ బిగుసుకునే ఇంటి ప్లగ్గులా కాదు ఇది. నడుమ ఒక స్ప్రింగు మొన, పక్కన రెండు రెక్కలు, లోపల సుమారు 21 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టం. అసలు ఇది కరెంటు పట్టుకెళ్లడానికి పుట్టిన ఆకారమే కాదు, లైటర్ ముక్కను ఊడిపడేలా చేయడానికి పుట్టిన ఆకారం! గుంతల రోడ్డు మీద అదురుకు మొన కదులుతుంది, తాకే చోటు సన్నబడుతుంది. ఆ చోట పదో వంతు ఓమ్ నిరోధం పెరిగినా చాలు, 10 ఆంపియర్లకు 10 వాట్ల వేడి బఠాణీ గింజంత జాగాలో పుడుతుంది. ఛార్జర్ మొన గోధుమ రంగుకు తిరిగి, ప్లాస్టిక్ కరిగి కనిపించేది అందుకే. ఫ్యూజుకు ఇది కనపడదు, ఎందుకంటే కరెంటు హద్దులోనే ఉంది. కాస్త మంచి ప్లగ్గుల మొన మర తిప్పితే ఊడుతుంది, లోపల చిన్న గాజు ఫ్యూజు ఉంటుంది. చవకరకాల్లో ఆ జాగాలో స్ప్రింగే ఉంటుంది.

రెండో సాకెట్ నిజంగానే కావాలంటే పద్ధతి కష్టమేమీ కాదు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ పాత సాకెట్ వైరును గీకి, కొత్త వైరు మెలేసి, నల్ల టేపు చుట్టడు. మే నెల ఎండకు ఆ టేపు జిగురు కారి విప్పుకుంటుందని అతనికి తెలుసు. బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు వైరు కొత్తగా తీస్తాడు. బ్యాటరీకి జానెడు దూరం లోపే ఫ్యూజు పెడతాడు. ఆ చివర పెట్టిన ఫ్యూజు తన తర్వాతి వైరును కాపాడుతుంది. సాకెట్ దగ్గర పెడితే అంత పొడవు వైరూ కాపలా లేకుండా మిగిలిపోతుంది. ఇంజను గదికీ డ్యాష్‌బోర్డుకూ నడుమ ఉన్న రేకులో వైరు దూర్చేచోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. లేకపోతే రేకు అంచు రోజూ కొంచెం కొంచెంగా తొడుగును కోస్తుంది. పసుపు కప్లర్లున్న వైర్ల జోలికి అసలు పోడు, అవి ఎయిర్‌బ్యాగువి.

తాళం తీస్తే కొత్త సాకెట్ కూడా ఆరిపోవాలి కదా, అందుకు రిలే. అగ్గిపెట్టెలో పట్టేంత ఈ డబ్బాకు 30, 85, 86, 87 అని కాళ్లకు అంకెలుంటాయి. ఇవి జర్మన్ ప్రమాణపు అంకెలు, రాణిగంజ్ షాపులో కొన్నా రష్యాలో కొన్నా మారవు. 30కి బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు, 87 నుంచి సాకెట్‌కు. 86కి పాత లైటర్ లైన్ నుంచి ఒక సన్న వైరు, 85 బాడీకి. తాళంచెవి ఏసీసీకి తిప్పగానే సన్న వైరులో ఆంపియరులో ఏడో వంతు పారి లోపలి అయస్కాంతాన్ని లేపుతుంది, అది లావు దారిని కలుపుతుంది. పెద్ద కరెంటు స్విచ్చు ఛాయలకు రాదు. రెండు సాకెట్లు పెడితే రెండింటికీ ఎవరి కొమ్మ వారిదిగా, సమాంతరంగా. ఒకదాని వెనక ఒకటిగా కలిపితే ఉన్న 12 వోల్టులను పంచుకుని రెండూ పనిచేయవు.

కొందరు రిలే ఖర్చెందుకని సాకెట్‌ను నేరుగా బ్యాటరీకి కట్టించుకుంటారు. తాళం లేకపోయినా ఫోను ఛార్జవుతుంది, హాయే. ఆ హాయి సంక్రాంతికి తెలుస్తుంది. కారును అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వదిలి, ఎల్బీనగర్‌లో బస్సెక్కి ఊరెళ్లి, మూడు రోజుల తర్వాత వచ్చారనుకోండి. పార్కింగులో కూడా కన్ను తెరిచే ఉన్న డ్యాష్‌క్యామ్ 0.4 ఆంపియర్ల చొప్పున మూడు రోజుల్లో 29 ఆంపియర్-అవర్లు తాగేస్తుంది. చిన్న పెట్రోలు కారు బ్యాటరీ మొత్తమే 35. సెల్ఫ్ 'టక్ టక్' మంటుంది, తిరగదు. అంతటితో పోయేది కాదు. సీసం-ఆమ్లం బ్యాటరీని అడుగంటా వాడితే పలకల మీద సీసపు సల్ఫేటు గడ్డకట్టి, మళ్లీ నిండినా పాత సత్తువ రాదు. గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించి, తిరుపతి దగ్గర కరకంబాడిలో నడిపిన అమర రాజా వారి అమరాన్ అయినా, మరొకటైనా, కారు బ్యాటరీల స్వభావం ఇదే. అవి ఒక్క ఉదుటున ఇంజను తిప్పడానికి పుట్టినవి, కొద్దికొద్దిగా రోజంతా ఇవ్వడానికి కాదు.

వనస్థలిపురం దాటాక ఆటోనగర్ దగ్గర ఆగే లారీలది మరో లోకం. రెండు బ్యాటరీలను వరసగా కలిపి 24 వోల్టులు నడుపుతారు. సాకెట్ చూడ్డానికి అచ్చం కారుదే. కారు ఛార్జర్ అందులో గుచ్చితే, అది 24 వోల్టులకూ తయారైనదైతే బతుకుతుంది, కాకపోతే లోపలి చిప్ ఆ క్షణమే పోతుంది. ఈ చిప్ చేసే పని 12 వోల్టులను సెకనుకు వేలాది సార్లు, ఒక్కోసారి లక్షల సార్లు, కత్తిరించి సగటున 5 వోల్టులు వచ్చేలా చూడటం. ఆ కత్తిరింపు చప్పుడు చెవికి వినిపించదు గానీ రేడియోకు వినిపిస్తుంది. చవక ఛార్జర్ గుచ్చి 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ వార్తలు వినబోతే గరగర తప్ప ఏమీ రాకపోవచ్చు. ఎఫ్‌ఎం కాస్త నయం. ఛార్జర్ మంచి చెడ్డలు తేల్చడానికి డబ్బాపై అంకెల కంటే ఇదే మేలైన పరీక్ష.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి కదా, అక్కడ ఈ గొడవ ఉండదనుకుంటే, నెక్సాన్ ఈవీ లాంటి కారులో కూడా పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి వేరే ఉంటుంది. సాకెట్ దాని మీదే. టెస్లా 2023లో తెచ్చిన సైబర్‌ట్రక్‌లో మాత్రం 48 వోల్టులకు మారింది. అదే పనికి కరెంటు నాలుగో వంతు, అదే వైరులో వేడి పదహారో వంతు. 1950లలో 6 నుంచి 12కు దూకినప్పుడు చేసిన లెక్కే, ఇంకో అడుగు ముందుకు.

చంపాపేట్‌లోనో మరోచోటో సాకెట్ వేయించుకుని డబ్బులిచ్చే ముందు ఒక పని చేయవచ్చు. ఇంజను నడుస్తుండగా ఖాళీ సాకెట్లో మల్టీమీటర్ పెడితే 14 వోల్టుల అటూ ఇటూ కనిపించాలి. తర్వాత గాలి పంపు తగిలించి, అది నడుస్తుండగా మళ్లీ చూడాలి. 13.5 దగ్గర నిలిస్తే వైరింగ్ బాగున్నట్టే. 12కు జారిందంటే ఎక్కడో ఒకటిన్నర, రెండు వోల్టులు వేడిగా మారిపోతున్నాయి. పది నిమిషాల తర్వాత ప్లగ్గు లాగి మొనను వేలితో తాకితే చురుక్కుమంటుందా, లేక వైరు పొడవునా గోరువెచ్చగా ఉందా అన్నదాన్ని బట్టి తప్పు మొన దగ్గరో, వైరులోనో తెలిసిపోతుంది. రెండూ చల్లగానే ఉంటే చూడాల్సింది ఎర్త్ స్క్రూ. నూటికి తొంభై మంది అక్కడ పెయింటు గీకకుండానే బిగించేస్తారు.